వెనకబడ్డ హాబీలు

ఉక్కునగరం, విశాఖపట్నం
2 జూన్ 1997

చంద్రికకి, మీ వదిన ఆశీస్సులు.

ఉభయకుశలోపరి అని రాద్దామంటే మా ఇంట్లో ఉభయుల్లో ఒక్కరే కుశలంగా ఉన్నారు. ఆ ఒక్కరూ మీ అన్నయ్య. పదహారు రోజులు మీ కుటుంబం, మా కుటుంబం కలిసి కేరళ, కన్యాకుమారి, ఊటీ తిరిగొచ్చాం కదా. ఆ తిరుగుడుకి అలిసిపోయామని మరో వారం సెలవు పెట్టారు. ఆయన లేకుండా ఉక్కు ఫ్యాక్టరీ ఎలా నడుస్తోందోనని నేను రోజూ మేడెక్కి చూస్తున్నాను. గొట్టాల్లోంచి పొగ మామూలుగానే వస్తోంది.

"హాబీలన్నీ వెనకబడిపోయాయి పద్మా," అంటారు. ఆయన హాబీ నీకు తెలుసుగా. షార్ట్‌వేవ్ రేడియోలో ఎక్కడెక్కడి దేశాల స్టేషన్లో పట్టుకుని, మీ ప్రసారం మా ఊళ్ళో ఇలా వినపడింది, మధ్యలో ఇంత గరగర ఉంది అని వాళ్ళకి ఉత్తరాలు రాయడం. వాళ్ళు జాలిపడి ఒక రంగుల కార్డు పంపుతారు. పదహారు రోజుల గరగర వినలేదు కదా, అదంతా ఇప్పుడు ఒక్కసారే వింటున్నారు. దానికి ఏరియల్ చాలలేదని పెరట్లో బట్టలారేసే తీగ విప్పి కిటికీకి కట్టుకున్నారు. ప్రయాణం తాలూకు మాసిన బట్టలు మూడు మూటలున్నాయి. ఉతికినవి కుర్చీల మీదా, తలుపుల మీదా ఆరేస్తున్నాను. ఇల్లు ధర్మసత్రంలా ఉంది.

చింటూ పదహారు రోజుల క్రికెట్టు ఆడుకొస్తానని పొద్దున్నే పోతాడు. ఇక మీ అమ్మగారికి పోయినవి టీవీ సీరియళ్ళు. మన పనిమనిషి పోతమ్మ గిన్నెలు వదిలేసి, ఎవరు ఎవర్ని మోసం చేశారో రోజుకొక భాగం చొప్పున చెబుతోంది. "ఆ ఎర్రకోకది మంచిది కాదమ్మా, నాను ముందే సెప్పినాను," అని తీర్పులు కూడా ఇస్తోంది. గిన్నెలు నేను తోముకుంటున్నాను.

నిన్న భోజనాల దగ్గర, నాకూ కాస్త ఊపిరాడితే బాగుండును అన్నాను. మీ అన్నయ్య చాలా ప్రేమగా చూసి, "నీకేం హాయి! నీకు హాబీలే లేవు. కాబట్టి వెనకబడేదీ లేదు," అన్నారు.

అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆలోచిస్తే నిజమే చంద్రికా. నలభై నాలుగేళ్ళలో నేను వెనకబెట్టుకున్నది ఒక్కటీ కనపడలేదు.

మోహనకృష్ణ అన్నయ్యగారికి నమస్కారాలు, నిఖితకి ముద్దులు. నువ్వేం చేస్తున్నావో రాయి.

ఎక్కడ పడితే అక్కడ బట్టలారేసుకుంటున్న
మీ వదిన పద్మావతి

* * *

తణుకు
11 జూన్ 1997

వదినకి నమస్కారాలు.

ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ నిఖితతో చీవాట్లు తిన్నాను. అన్నయ్య చిన్నప్పుడూ అంతే. గాలిపటం దారానికి అమ్మ జడకుచ్చులు విప్పుకుపోయేవాడు.

మా ఇంట్లో గరగర లేదు, అంతా నిశ్శబ్దం. ఎందుకంటే మా ఆయన కేరళ మీద నూట ఎనిమిది పద్యాలు రాస్తున్నారు. కాలేజీలో ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్న మనిషి కదా, కొబ్బరిచెట్టు చూసినా ఊరుకోలేరు. ప్రయాణంలో ఆగిపోయిన కవిత్వమంతా ఇప్పుడు తీరిగ్గా దిగుతోంది. కుక్కరు కూత పెడితే యతి తప్పిపోతోందట. అందుకని పప్పు గిన్నెలో ఉడకబెడుతున్నాను.

నీకు హాబీ లేదన్నందుకు బాధపడకు. కుట్టు నేర్చుకో, దిండు గలీబుల మీద చిలకలు కుట్టు. నీ చేతికి చిలకలు బాగా వస్తాయనిపిస్తోంది.

నేనూ ఒక చిన్న పని మొదలుపెట్టాను. అయ్యాక చెబుతాను. ఈలోగా నాకు కొన్ని సంగతులు కావాలి. మన సామాన్లు మొత్తం ఎన్ని? ఆవకాయ జాడీ ఎవరి మీద ఒలికింది? అలెప్పీలో పడవ ఎక్కినప్పుడు నీ మనసులో ఏమనుకున్నావు? అన్నీ దాచకుండా రాయి వదినా. జ్ఞాపకాలు చెదిరిపోకముందే రాసిపెట్టుకుందామని.

మీ చంద్రిక

* * *

ఉక్కునగరం
20 జూన్ 1997

చంద్రికకి ఆశీస్సులు.

జ్ఞాపకాలు దాచుకుందామన్నావు చూడు, నాకు కళ్ళు చెమర్చాయి. మా ఇంట్లో ఎవరూ అలాంటివి అడగరు. అన్నీ రాస్తున్నాను.

సంచులు పదకొండు. పన్నెండోది మీ అన్నయ్య రేడియో, దాన్ని ఆయన సంచిగా ఒప్పుకోరు. ఆవకాయ ఒలికింది టికెట్టు కలెక్టరు తెల్ల ప్యాంటు మీద. ఆయన కోప్పడకముందే నేను, పోనీ అన్నంలో కలుపుకోండి అన్నాను, కంగారులో. ఇక పడవ. నేను కాలు పెట్టగానే అది ఒరిగింది. సింహాద్రి అప్పన్నా, ఒడ్డుకి చేరిస్తే మెట్లన్నీ నడిచే ఎక్కుతాను అని మొక్కుకున్నాను. అప్పుడే మీ అన్నయ్య, "పద్మా, నువ్వు మధ్యలో కూర్చో. లేకపోతే పడవే నిన్నెక్కుతుంది," అన్నారు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నేనూ నవ్వాననుకో, ఏం చేస్తాను.

కానీ ఆ మాట నాతోపాటు రైలెక్కి ఇంటికొచ్చింది. అందుకే ఒక పని చేశాను. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈత నేర్చుకుంటున్నాను!

మా టౌన్‌షిప్పులో ఈతకొలను ఉంది కదా, పదింటి నుంచి పదకొండు దాకా ఆడవాళ్ళకి. పక్క క్వార్టరులో నర్సు పుష్పకుమారి రెండేళ్ళుగా వెళ్తోంది. ఆమే లాక్కెళ్ళింది. నేర్పేది కేథరిన్ అని బడిలో ఆటల టీచరు, ఇరవై అయిదేళ్ళుంటాయి. "ఆంటీ, నీళ్ళతో దెబ్బలాడకండి, అవి మిమ్మల్నేం అనలేదు కదా," అంటుంది.

ఈత బట్టలకోసం ద్వారకా నగర్‌లో దొరబాబు కొట్టుకి వెళ్ళాం.

"పాపకాండీ? ఎన్నేళ్ళేటి?" అన్నాడు.

"నలభై నాలుగు," అన్నాను.

"పెద్దోళ్ళకి రావమ్మా. పెద్దోళ్ళు ఈతెందుకు కొడతారు?"

"మరి మునగడం ఎవరు మునుగుతారు? పిల్లలేనా?" అంది పుష్పకుమారి. కొట్టంతా మా వైపు తిరిగింది.

చివరికి కంచరపాలెంలో టైలరు అబ్బులు దగ్గర నీలం గుడ్డతో మోకాళ్ళ కిందిదాకా కుట్టించుకున్నాను. అతను కొలతలు రాసుకుని చాలా గంభీరంగా, "జేబెట్టమంటారేటమ్మా?" అన్నాడు.

ఇంట్లో మాత్రం నువ్వు చెప్పినట్టు కుట్టు క్లాసుకి వెళ్తున్నానని చెప్పాను. మీ అన్నయ్య నాకో చొక్కా కుట్టు అన్నారు. ముందు చిలకలు అయ్యాక అన్నాను. పోతమ్మకి మాత్రం అనుమానం వచ్చింది. "ఏటమ్మా, రోజూ తలస్నానం సేత్తన్నారు, ఒంటికి పడతాదేటి?" అంది. చెప్పేశాను. ఆవిడది సముద్రపొడ్డు ఊరు. విరగబడి నవ్వి, "మా కాడ ఈత ఎవులూ నేర్సుకోరమ్మా. పడవ మీంచి ఓ తోపు తోసేత్తారు, అదే వచ్చేత్తాది," అంది.

నేనింకా గట్టు పట్టుకుని కాళ్ళాడించే దగ్గరే ఉన్నాను. కానీ ఒక్క నిమిషం తల నీళ్ళలో పెడితే ఏమీ వినపడదు చంద్రికా. గరగర కూడా. అబ్బ.

ఎవరికీ చెప్పకు.

మీ వదిన

* * *

తణుకు
3 జూలై 1997

వదినా!

గంతులేస్తూ రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు. నేను మన ప్రయాణం గురించి రాసి పంపితే వారపత్రికవాళ్ళు వేసుకుంటున్నారు! వచ్చే సంచిక చూడు. నా పేరు అచ్చులో! మా ఆయనకి ఇంకా చెప్పలేదు. ఆయన ఇరవై ఏళ్ళుగా పంపుతున్న పద్యాలు క్రమం తప్పకుండా తిరిగొస్తున్నాయి కదా, ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఈత కబురు అదిరింది. కొలనులో నీళ్ళు మిగిలాయా? కోప్పడకు, వేళాకోళానికన్నాను.

అమ్మకి కూడా ఇప్పుడే ఒక కార్డుముక్క రాసి పడేశాను, సంచిక కొనమని.

తొందరలో,
చంద్రిక

* * *

ఉక్కునగరం
16 జూలై 1997

శ్రీమతి చంద్రికగారికి,

మీ రచన అందింది. ఒకటి కాదు, ఆరు ప్రతులు అందాయి. మీ అన్నగారు కొన్నారు. ఒకటి ఇంట్లో, ఒకటి ఫ్యాక్టరీలో సహోద్యోగులకి, మిగతావి దేశాల మీదికి పంపుతారేమో, రేడియో స్టేషన్లకి.

"పదకొండు సంచులు, ఒక వదిన." పేరు బాగుంది. మీ అమ్మగారు కళ్ళజోడు తుడుచుకుని, వీధిలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి, మా అమ్మాయి రాసింది అని గట్టిగా చదివారు. నేను లోపల వాళ్ళకి టీ కాస్తున్నాను. వంటింట్లోకి బాగా వినపడింది.

"వదిన కాలు పెట్టగానే పడవ మర్యాదగా ఒక పక్కకి వంగింది. పడవవాడు మలయాళంలో దేవుణ్ణి పిలిచాడు. వదిన తెలుగులో పిలిచి మెట్లెక్కుతానని బేరం పెట్టింది. దేవుడు మెట్ల క్షేమం తలుచుకుని, బేరం లేకుండానే ఒడ్డుకి చేర్చాడు."

మంచి వాక్యాలు. నిజంగా చెబుతున్నాను, నేనైతే అంత బాగా రాయలేను. నేను మొక్కుకున్న మొక్కు నీకు మాత్రమే చెప్పాను. జ్ఞాపకాలు దాచుకుందామన్నావు. ఎక్కడ దాచావో ఇప్పుడు తెలిసింది. రాష్ట్రం మొత్తం దాచుకుంది.

ఇక నీ కార్డుముక్క. దాని చివర్లో, "వదిన ఈత ఎంతవరకు వచ్చింది?" అని అడిగావు. కార్డు మీ అమ్మగారికి రాశావు గాని, దాన్ని చదివింది వరసగా పోస్ట్‌మాన్, చింటూ, మీ అన్నయ్య. ఆయన మర్నాడు పదిన్నరకి ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని కొలను గేటు దగ్గరికి వచ్చారు. "మా పడవ లోపలుందా?" అని వాచ్‌మన్ వీర్రాజుని అడిగారు.

"ఆడోళ్ళ టైము సార్, ఏటి మీరు?" అన్నాడు వీర్రాజు.

"చూసి పోతాం, మునిగిందో తేలిందో."

నేను అప్పటికి గట్టు వదిలి నాలుగు బారలు వేశాను. మొదటిసారి. ఆ నవ్వు వినపడి కాళ్ళు ఆగిపోయాయి. నీళ్ళు మింగాను. కేథరిన్ నా జుట్టు పట్టుకుని లేపింది. లోపలున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళూ నీ రచన చదివారు మరి.

వారం రోజులుగా వెళ్ళడం లేదు. ఇక వెళ్ళను. నీకు ఒక హాబీ దొరికింది, నా హాబీ పోయింది. ఇంట్లో ఒకరికైనా ఉండాలి కదా, సంతోషం.

ఇట్లు,
తమ రచనలో పాత్ర

* * *

తణుకు
25 జూలై 1997

వదినకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కార్డు సంగతి నా తప్పే. సంతోషంలో కళ్ళు కనపడలేదు. ఎలా తిట్టినా పడతాను.

రచన సంగతి మాత్రం పడను. ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకున్నది ఇవాళ చెబుతాను.

తిరుగు ప్రయాణంలో కోయంబత్తూరు దాటాక ఏం జరిగిందో నీకు గుర్తుందా? నా సంచిలో ఒక నోటుపుస్తకం ఉంది. పదిహేడేళ్ళుగా నాకు తోచినవి రాసుకుంటున్నది. దిండు కింద, బియ్యండబ్బాలో దాచుకుంటూ వచ్చాను. మా ఆయన బిస్కెట్ల కోసం వెతుకుతూ దాన్ని పైకి తీశారు. "ఓహో, రచయిత్రిగారు!" అని సీటు మీద నిలబడి చదివారు. మా పెళ్ళయిన కొత్తలో వాన గురించి నేను రాసుకున్న ముక్క. ఒక్కొక్క వాక్యానికీ ఆగి, ఇది కర్త, క్రియ ఎక్కడికి పోయింది, స్టేషన్‌లో దిగిందా అన్నారు. రైలుపెట్టెలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా. నా కూతురు నవ్వింది.

అందరికంటే గట్టిగా నువ్వు నవ్వావు వదినా. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. "ఇంకోటి చదవండి అన్నయ్యగారూ," అన్నావు.

ఆ రోజు నిర్ణయించుకున్నాను, ఏదైనా రాసి అచ్చువేయించాలని. ఎవరి గురించి రాయాలి? ఆయన గురించి రాద్దామని కూర్చున్నాను. చెయ్యి కదల్లేదు. ఈ ఇంట్లోనే ఉండాలి కదా, ఆయనకే అన్నం పెట్టాలి. నువ్వయితే రెండొందల కిలోమీటర్ల దూరంలో ఉన్నావు. నిన్ను రాస్తే నాకు ప్రమాదం లేదు. పిరికివాళ్ళు ఇలాగే రాస్తారు. నా రచన అంతా నవ్వే గాని, అందులో ధైర్యం చెంచాడు కూడా లేదని నాకు తెలుసు.

మా ఆయన సంచిక చదివి ఎర్రసిరాతో పదిహేడు తప్పులు దిద్ది బల్ల మీద పెట్టారు. అప్పటి నుంచి మాట్లాడటం లేదు. ఇంట్లో నిశ్శబ్దం ఇదివరకు కూడా ఉండేది కాబట్టి నిఖితకి తేడా తెలియలేదు.

చంద్రిక

* * *

ఉక్కునగరం
8 ఆగస్టు 1997

చంద్రికా,

నేను నవ్వానని నాకు గుర్తులేదు. ఒట్టు. రైలు గుర్తుంది, అన్నయ్యగారు సీటెక్కడం గుర్తుంది, ఏదో వాన అన్నారు. నా నవ్వు మాత్రం గుర్తులేదు. మీ అమ్మగారిని అడిగాను. "నువ్వే ఎక్కువ నవ్వావు. ఇంకోటి చదవమన్నావు కూడా," అన్నారు తడుముకోకుండా.

రెండు రోజులు అన్నం సయించలేదు. మీ అన్నయ్యకీ పడవ సంగతి గుర్తుండదు కాబోలు. ఆయన్నేమీ అనకుండా ఉండడానికి ఇదొక మార్గం అనుకున్నాను గాని, మనసు ఒప్పుకోలేదు. కాబట్టి నన్నూ తిట్టుకుంటున్నాను, ఆయన్నీ తిట్టుకుంటున్నాను. పనెక్కువైంది.

ఇప్పుడు నీకు తెలియని సంగతి ఒకటి రాస్తున్నాను. కూర్చుని చదువు.

పోయిన ఆదివారం భోజనాల దగ్గర మీ అమ్మగారు నన్ను అడిగారు. "ఆ నీలం బట్టలు మూడు వారాలుగా తలుపు మీద కనపడటం లేదేం?"

"మానేశాను అత్తయ్యగారూ."

"ఎందుకు మానేశావు?"

మీ అన్నయ్య నవ్వుతూ, "మునుగుతోందమ్మా, అందుకు," అన్నారు.

ఆవిడ మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "ఒరేయ్ గంగాధరం, నీకు ఈత వచ్చురా?"

"నాకెందుకు?"

"రాదు కదా. తొమ్మిదో ఏట కాలవలో పడ్డావు గుర్తుందా? నిన్ను తీసిందెవరు?"

"నాన్న." ఈ కథ మనందరికీ తెలిసిందేగా. మామయ్యగారు పంచెతో దూకేశారు, ఊరంతా మెచ్చుకుంది, మీ అన్నయ్య ఏటా ఆయన తద్దినం నాడు చెబుతారు.

"మీ నాన్నకి ఈత రాదు. గట్టు మీద నిలబడి అరిచారు," అన్నారు ఆవిడ. "దూకింది నేను. మా పుట్టిల్లు కాలవగట్టునే. పెళ్ళయ్యేదాకా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి రోజూ వెళ్ళేదాన్ని. నీ జుట్టు పట్టుకుని లాగాను. కోడలు తడిబట్టలతో నలుగురిలో కాలవలోంచి లేచిందంటే బాగుండదని మీ మామ్మ నన్ను దొడ్డిదారిన ఇంట్లోకి తోసింది. నిన్ను మీ నాన్న చేతుల్లో పెట్టింది. ఆయన పంచె మీద చెంబెడు నీళ్ళు పోసింది కూడా ఆవిడే."

మీ అన్నయ్య మొహం చూడలేకపోయాను. ఆయన్ని ఎగతాళి చెయ్యడానికి ఇంత మంచి అవకాశం ఇరవై రెండేళ్ళలో రాలేదు. ఆయన గ్లాసులో మజ్జిగ పోశాను.

ఆయన గ్లాసు ముట్టుకోకుండా, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు.

"ఎవరూ అడగలేదు," అని ఆవిడ మజ్జిగ తాగేశారు.

మర్నాడు పదింటికి గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "పద, నేనొస్తా," అన్నారు. కొలను పక్క బల్ల మీద కూర్చున్నారు. పోయిన నెల నవ్వినవాళ్ళు నవ్వబోయారు గాని, డెబ్భై ఏళ్ళావిడ గొడుగు మొనతో చూపిస్తూ, "ఆ అమ్మాయి కాళ్ళు చూడండి, కర్రల్లా ఉన్నాయి. నువ్వు నవ్వేదానివి, నువ్వింకా అధ్వానం," అనేసరికి మానేశారు. కేథరిన్ ఆవిడకి శిష్యురాలైపోయింది.

నిన్న నేను ఆ గట్టు నుంచి ఈ గట్టుకి వచ్చాను. పొడుగు కాదు, అడ్డంగానే. చేతులు తెడ్లలా, మొహం ఎర్రగా, ఏ సౌందర్యమూ లేకుండా వచ్చాను. కానీ వచ్చాను. ఒడ్డు పట్టుకున్నాక ఎందుకో ఏడుపొచ్చింది. ముందే తడిసి ఉన్నాను కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మీ అన్నయ్య ఇంటికొచ్చి అడిగారు. "ఎంత లోతు?"

"మీకు మెడదాకా."

"ఓహో," అని, సాయంత్రం కిటికీ నుంచి తీగ విప్పి మళ్ళీ పెరట్లో కట్టారు.

నేను నిన్ను క్షమాపణ అడగను, నువ్వూ అడగకు. సరిపోయింది. కానీ ఆ రైలు సంగతి రాయి. నవ్విన ఆడదాన్ని కూడా పెట్టు. ఈసారి వడ్డించేటప్పుడు దగ్గరున్నవాళ్ళకి కూడా వడ్డించు.

మీ వదిన

* * *

తణుకు
30 ఆగస్టు 1997

వదినా,

రాశాను. రైలు, సీటెక్కిన పండితుడు, నవ్విన కూతురు, కొంగు నోట్లో కుక్కుకున్న వదిన, అన్నీ. తేటగా రాసి కవర్లో పెట్టేలోపు మా ఆయన చూశారు.

నిలబడే చదివారు. ఎర్రపెన్ను తీయలేదు.

"ఇందులో ఈ లెక్చరరు ఎవరు?"

"ఎవరో ఒకరు."

"నా కళ్ళజోడే పెట్టుకున్నాడేం?"

నేను కాగితాలు తీసుకుని కవర్లో పెట్టాను. "ఇది పోస్టులో పడితే నేనీ గడప తొక్కను," అన్నారు.

పదిహేడేళ్ళు బియ్యండబ్బాలో దాచుకున్నాను వదినా. చెప్పులేసుకుని వెళ్ళి పోస్టుడబ్బాలో పడేశాను. అది లోపల పడ్డ చప్పుడు విని నేనే ఉలిక్కిపడ్డాను. తిరిగొచ్చేసరికి ఆయన లేరు. పెట్టె లేదు, పద్యాల కట్ట లేదు. కాలేజీలో అడిగితే సెలవు పెట్టారన్నారు. ఇది నాలుగో రోజు. ఎక్కడికి వెళ్ళారో తెలియదు. నిఖిత నా మొహం చూడటం లేదు.

నేను తప్పు చేశానా? వేళాకోళం లేకుండా జవాబు రాయి.

చంద్రిక

* * *

ఉక్కునగరం
3 సెప్టెంబరు 1997

చంద్రికకి ఆశీస్సులు.

వేళాకోళం వద్దన్నావు. నా వల్ల కాదు, ఎందుకంటే పోయిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.

నువ్వు కవరు పోస్టులో వేసిన మర్నాటి ఉదయమే పెట్టెతో దిగారు. విశ్వవిద్యాలయంలో తాళపత్రాలు చూసే పనుందన్నారు. మీ ఇంట్లో చెప్పే వచ్చారనుకున్నాను, అందుకే వెంటనే రాయలేదు. నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. ఆయన ముందు పెట్టాను.

ఈ వారం రోజుల్లో తాళపత్రాల ముఖం చూడలేదు. మీ అన్నయ్యకి పద్యాలు వినిపిస్తున్నారు. ముప్ఫై ఎనిమిదో పద్యం దగ్గర మీ అన్నయ్య ఫ్యాక్టరీకి వెళ్ళి షిఫ్టు మార్పించుకున్నారు. ఇప్పుడు మీ ఆయన నిద్రలేచేసరికి ఈయన డ్యూటీలో, ఈయన వచ్చేసరికి ఆయన నిద్రలో. రేడియోకి కూడా విశ్రాంతి దొరికింది. పోతమ్మ మాత్రం నిలబడి వింటోంది. "ఏటర్థం కాలేదు గానండి, గొంతు బాగున్నాది," అంది. ఇరవై ఏళ్ళలో ఆయనకొచ్చిన మొదటి సమీక్ష.

నీ ఉత్తరం చదివాక ఆయన పద్యాల కట్ట పెట్టెలో పెట్టేశారు. తర్వాత వంటింటి గుమ్మంలోకి వచ్చి, "చెల్లెమ్మా, నిజం చెప్పు. అందులో ఉన్న మనిషి నేనేనా?" అన్నారు.

"కొంగు నోట్లో కుక్కుకున్నది నేనైతే, సీటెక్కింది మీరే."

"నేను సరదాకి చదివాను."

"మేమూ సరదాకే నవ్వాం. చాలా బాగా చదివారు. అందుకే అంత నవ్వాం."

కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ వాన ముక్క బాగుంది. అప్పుడే తెలుసు నాకు," అన్నారు. ఇది నీకు రాయమని ఆయన చెప్పలేదు. రాయొద్దనీ అనలేదు. తెలిసీ ఎందుకలా చదివారని నేను అడగబోయి మానేశాను. బెండకాయలు, చాకు ఇచ్చి కూర్చోబెట్టాను. ముక్కలు అన్నీ ఒకే కొలతకి తరిగారు. ఛందస్సు ఎక్కడికి పోతుంది.

నువ్వు తప్పు చెయ్యలేదు. రేపే రమ్మన్నా రైలెక్కేలా ఉన్నారు, అడగడానికి అభిమానం అడ్డం. నువ్వు ఊఁ అంటే పంపేస్తాను. కానీ తొందరపడి జవాబివ్వకు. ఆ నాలుగు రోజులూ భయపడుతూ కూర్చునుంటావు. భయం పోయింది కదా, ఇప్పుడు ఇల్లు చూడు. కుక్కరు కూత పెట్టుకోవచ్చు. బల్ల ఖాళీ. నిఖితతో నువ్వే మాట్లాడు, ఆ పిల్ల నవ్వినందుకు సిగ్గుపడుతోంది, కోపం కాదు. నెలన్నర సెలవు పెట్టొచ్చారట, కాబట్టి ఆయన ఉద్యోగానికి ఢోకా లేదు. ఇక్కడ గదుంది, వినడానికి పోతమ్మ ఉంది, మీ అమ్మగారు ఆయన్ని కూడా నీళ్ళలో దింపుతానంటున్నారు.

అందుకని ఒక్కటే అడుగుతున్నాను. ఇంకోటి రాసుకోవడానికి నీకు ఎన్ని రోజులు కావాలి? టెలిగ్రాం ఇయ్యి. అన్ని రోజులూ ఆయన్ని నేను ఉంచుకుంటాను.

మీ వదిన పద్మావతి

* * *

టెలిగ్రాం
తణుకు, 8 సెప్టెంబరు 1997

ఇరవై రోజులు. ఆయనకి కాఫీలో పంచదార తక్కువ. చంద్రిక.